బోదకాలు: పురుగు మొదలుపెడుతుంది, నీళ్లు లేని వాడ ముదరబెడుతుంది

బోదకాలు గురించి మన ఊళ్లలో మూడు మాటలు వినిపిస్తాయి. ఒకటి, అది పోయిన జన్మలో చేసిన పాపం. రెండు, అది వాళ్ల వంశంలోనే ఉంది. మూడు, ‘ఆ వాడవాళ్లకు శుభ్రత తెలియదు, అందుకే వస్తుంది’. మొదటి రెండూ చదువు లేనివాళ్ల మాటలని, మూడోది చదువుకున్నవాళ్ల మాట అని అనుకుంటాం. నిజానికి మూడింటిలోనూ ఉన్నది ఒకే తీర్పు: తప్పు రోగిదే.

ఈ మూడూ ఎందుకు తప్పో తెలుసుకోవాలంటే ఆ కాలి లోపల ఏం జరుగుతుందో చూడాలి. బోదకాలులో రెండు సగాలున్నాయి. మొదటి సగం ఒక పురుగు పని. రెండో సగం పగిలిన చర్మంలోంచి లోపలికి పోయే మామూలు బాక్టీరియా పని. మొదటి సగానికి మందు మాత్ర. రెండో సగానికి మందు నీళ్లు, సబ్బు, చెప్పులు, విశ్రాంతి. ఈ దేశంలో మాత్రను ఇంటింటికీ పంచగలిగారు. నీళ్లు, చెప్పులు, విశ్రాంతి మాత్రం ఎవరికి ఎంత దక్కాలో కులం ఎప్పుడో పంచేసింది. బోదకాలు గురించి ఉద్యమకారులు, విద్యార్థులు పట్టుకోవాల్సిన అసలు విషయం ఇదే.

రక్తనాళాల పక్కన ఇంకో కాలువ

రక్తనాళాల గురించి అందరికీ తెలుసు. వాటి పక్కనే ఇంకో నాళాల వ్యవస్థ ఉంది. పాఠ్యపుస్తకాలు దాన్ని శోషరస నాళాలు అంటాయి, డాక్టర్లు లింఫ్ నాళాలు అంటారు. సన్నటి రక్తనాళాల్లోంచి రక్తం పారుతున్నప్పుడు కొంత ద్రవం, కొంత ప్రోటీన్ బయటికి ఊరి కణాల మధ్య చేరతాయి. ఆ ఊటను పోగుచేసి మళ్లీ రక్తంలో కలిపేది లింఫ్ నాళాలే. వీటిని తోసేందుకు గుండె లాంటి పంపు లేదు. నాళం గోడలు ముడుచుకోవడం, చుట్టూ ఉన్న కండరాలు కదలడం, ద్రవం వెనక్కి జారకుండా లోపల చిన్న చిన్న కవాటాలు ఉండటం, వీటి మీదే అంతా నడుస్తుంది.

ఈ నాళాలకు ఇంకో పని కూడా ఉంది. దారి మధ్యలో గజ్జల్లో, చంకల్లో, మెడలో లింఫ్ గ్రంథులు ఉంటాయి. కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ల కట్టింది అంటాం కదా, ఆ బిళ్ల ఇదే. శరీరంలోకి కొత్తగా వచ్చిన క్రిములను పట్టుకుని తనిఖీ చేసే చోటు అది. అంటే లింఫ్ నాళం చెడితే రెండు నష్టాలు ఒకేసారి జరుగుతాయి. ద్రవం కిందనే నిలిచిపోతుంది. ఆ భాగానికి క్రిములతో పోరాడే బలం తగ్గిపోతుంది.

ఊరి కాలువ పూడితే నీళ్లు పల్లంలో నిలుస్తాయి. శరీరంలో పల్లం కాలు.

పురుగు ఎక్కడ కాపురం పెడుతుంది

మన దగ్గర ఈ జబ్బుకు కారణం వుచరేరియా బాన్‌క్రాఫ్టి అనే దారం లాంటి పురుగు. ప్రపంచంలోని ఫైలేరియా కేసుల్లో 90 శాతం దాకా దీనివల్లే. దీన్ని మోసుకొచ్చేది క్యూలెక్స్ దోమ. డెంగీ దోమ మంచినీళ్ల తొట్టిలో గుడ్లు పెడితే, ఈ దోమకు మురుగు కావాలి. పారని కాలువలు, మూత సరిగా లేని సెప్టిక్ ట్యాంకులు, ఇంటి వెనక నిలిచిన వాడకపు నీళ్లు దానికి ఇష్టమైన చోట్లు.

దోమ కుట్టినప్పుడు పురుగు లార్వా చర్మం మీద పడి, ఆ కుట్టిన రంధ్రంలోంచే లోపలికి పోతుంది. అక్కడి నుంచి లింఫ్ నాళానికి చేరి, నెలల తరబడి ఎదిగి పెద్ద పురుగవుతుంది. ఆడపురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుంటుంది, మగపురుగు 4 సెంటీమీటర్లు. ఇవి లింఫ్ నాళంలోనే 5 నుంచి 7 ఏళ్లు బతుకుతాయి. ఆడపురుగు తన జీవితకాలంలో లక్షలాది మైక్రోఫైలేరియాలను, అంటే కంటికి కనిపించని పిల్లపురుగులను, రక్తంలోకి వదులుతుంది. మన దగ్గర ఇవి రాత్రిపూట, ముఖ్యంగా పదింటి నుంచి రెండింటి మధ్య, రక్తంలో తిరుగుతాయి. క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా రాత్రే. అందుకే ఫైలేరియా రక్తపరీక్షకు సిబ్బంది రాత్రిపూట వచ్చేవాళ్లు. ఇప్పుడు పగలైనా చేయగలిగే స్ట్రిప్ పరీక్షలు ఉన్నాయి.

మనిషి రక్తంలో ఈ పిల్లపురుగులను 1872లో కలకత్తాలో టిమొతీ లూయిస్ గుర్తించాడు. 1877లో చైనాలోని అమోయ్‌లో పాట్రిక్ మాన్సన్ అనే బ్రిటిష్ డాక్టరు దోమ పాత్రను కనిపెట్టాడు. దోమలున్న గదిలో రాత్రంతా పడుకుని, వాటితో కుట్టించుకున్నది డాక్టరు కాదు. అప్పటికే ఫైలేరియా ఉన్న ఆయన తోటమాలి హిన్ లో. డాక్టరు పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది, తోటమాలి పేరు చరిత్ర మీద ప్రత్యేకంగా ఆసక్తి ఉన్నవాళ్లకే తెలుసు. పేదవాడి ఒంటి మీద శాస్త్రం నడిచి, ఫలితం మాత్రం ఆ ఒంటికి ఆలస్యంగా చేరడం అప్పటితో ఆగిపోలేదు.

ఇంకో మాట. మలేరియా ఒక్క దోమకాటుతో రావచ్చు. బోదకాలు అలా రాదు. నెలల తరబడి, ఏళ్ల తరబడి, వందలసార్లు కుట్టించుకుంటేనే పురుగులు నిలదొక్కుకుంటాయి. అంటే ఇది ఒక రాత్రి నిర్లక్ష్యం వల్ల వచ్చే జబ్బు కాదు. ఒక మనిషి ఏళ్లపాటు మురుగు పక్కన పడుకోవాల్సి వచ్చిందని ఆ కాలు చెబుతున్న సాక్ష్యం. ‘వంశంలో ఉంది’ అన్న మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. ఒకే ఇంట్లో తల్లికీ కూతురికీ వచ్చిందంటే ఇద్దరూ ఒకే మురుగు పక్కన బతికారన్నది మొదట గుర్తుకు రావాలి.

శరీరం ఎందుకు ఊరుకుంటుంది

జానెడులో సగం పొడవున్న పురుగు నాళంలో కాపురముంటే మన రోగనిరోధక వ్యవస్థ ఎందుకు తరిమెయ్యదు? ఎందుకంటే పురుగు దాన్ని జోకొడుతుంది.

మామూలుగా క్రిమి వస్తే తెల్లరక్తకణాలు రసాయన సంకేతాలు వదులుతాయి. రక్తనాళాలు విచ్చుకుంటాయి. రక్షణ కణాలు గుంపుగా వస్తాయి. ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పెడుతుంది. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. ఇది శరీరం చేసే యుద్ధం. యుద్ధం శ్రుతి మించకుండా ఆపే కణాలు, సంకేతాలు కూడా శరీరంలోనే ఉన్నాయి. ఫైలేరియా పురుగు ఈ ఆపే వైపును బలపరుస్తుంది. నియంత్రక టి-కణాలు పెరుగుతాయి. ఐఎల్-10 అనే శాంతపరిచే సంకేతం పెరుగుతుంది. యాంటీబాడీల్లోనూ పెద్దగా గొడవ చేయని ఐజిజి-4 రకమే ఎక్కువగా తయారవుతుంది. దాంతో శరీరం పురుగును భరిస్తూ ఉంటుంది.

అందుకే రక్తంలో పిల్లపురుగులున్న చాలామందికి ఏ బాధా తెలియదు. కాళ్లు మామూలుగానే ఉంటాయి. లోపల మాత్రం నష్టం మొదలైపోతుంది. పురుగులున్న చోట లింఫ్ నాళాలు సాగి వెడల్పవుతాయి. కవాటాలు ఒకదానికొకటి అందవు. స్కానింగ్‌లో చూస్తే సాగిన నాళంలో పురుగులు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. డాక్టర్లు దీన్ని ఫైలేరియా డాన్స్ అంటారు. కేరళలోని అలప్పుళ వైద్య కళాశాలలో ఏళ్ల తరబడి జరిగిన పరిశోధనలు, బయటికి ఏ లక్షణమూ లేని పిల్లల్లో కూడా లింఫ్ నాళాలు దెబ్బతిని ఉండొచ్చని చూపించాయి. జబ్బు బడి వయసులోనే మొదలవుతుంది. వాపు నడివయసులో కనిపిస్తుంది.

పురుగు చచ్చినప్పుడు

పురుగు బతికున్నంతకాలం జోకొట్టిన యుద్ధం, అది చచ్చినప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. చచ్చిన పురుగు చుట్టూ రక్షణ కణాలు గుమిగూడి గడ్డ కడతాయి. నాళం వాచి, తాడులా గట్టిపడి, పై నుంచి కిందికి ఎర్రటి గీతలా కనిపించవచ్చు. గజ్జల్లోనో చంకలోనో బిళ్ల కడుతుంది, జ్వరం వస్తుంది.

దీని వెనక ఇంకో జీవి ఉంది. ఈ పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బాక్టీరియా ఉంటుంది. అది లేకపోతే పురుగు సరిగ్గా ఎదగలేదు, పిల్లలను పెట్టలేదు. పురుగు చచ్చినప్పుడు ఈ బాక్టీరియా బయటపడుతుంది. పురుగును భరించిన రోగనిరోధక వ్యవస్థ దీన్ని చూసి ఊరుకోదు. కొత్త నాళాలు పెరగమని చెప్పే వీఈజీఎఫ్ అనే సంకేతాలు కూడా పెరుగుతాయి. వాటివల్ల లింఫ్ నాళాలు ఇంకా సాగి, కారే గొట్టాల్లా తయారవుతాయి.

కాబట్టి బోదకాలు అంటే ‘పురుగులు నాళానికి అడ్డం పడటం’ అని మాత్రమే చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. నాళాన్ని సాగదీసింది పురుగు. దాన్ని మచ్చలు కట్టించి పాడుచేసింది మన శరీరం చేసిన యుద్ధం. ‘రక్తంలో పురుగు లేదని రిపోర్టు వచ్చింది, మరి కాలు ఎందుకు తగ్గలేదు?’ అని రోగులు అడుగుతుంటారు. జవాబు ఇదే. పురుగు వెళ్లిపోయింది, అది వదిలిన శిథిలం మిగిలింది.

దీన్నుంచి తేలే ఇంకో నిజం మనకు చాలా ముఖ్యం. బోదకాలు ముదిరిన మనిషి రక్తంలో చాలాసార్లు పిల్లపురుగులే ఉండవు. దోమ ద్వారా జబ్బును ఇంకొకరికి చేరవేసేది ఎక్కువగా ఏ వాపూ లేని మనిషి రక్తమే. బోదకాలున్న మనిషిని ముట్టుకుంటే, పక్కన కూర్చుంటే, ఆమె చేతి వంట తింటే జబ్బు అంటదు. అయినా పెళ్లిళ్లలో దూరంగా కూర్చోబెట్టేది ఆమెనే. పుట్టుకతో ఒక అంటరానితనం మోస్తున్న మనిషి మీద జబ్బు పేరుతో రెండోది వేస్తున్నారు. మొదటిదానికి లాగే రెండోదానికీ ఏ ఆధారమూ లేదు.

వేళ్ల సందుల్లోంచి వచ్చే రెండో దెబ్బ

ఇప్పుడు రెండో సగానికి వద్దాం. కాలు కొద్దిగా వాచింది. లింఫ్ సరిగా పారడం లేదు. చర్మం మందమవుతోంది, ముడతలు పడుతోంది. వేళ్ల మధ్య తడి ఆరక ఒరుపులు వచ్చాయి, మడమలు పగిలాయి. ఆ పగుళ్లలోంచి స్ట్రెప్టోకోకస్ లాంటి మామూలు బాక్టీరియా లోపలికి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలైతే అక్కడికక్కడే తరిమేస్తుంది. లింఫ్ చెడిన కాలికి ఆ బలం లేదు.

చలితో వణికించే జ్వరం, కాలు ఎర్రగా నిప్పులా కాలడం, గజ్జల్లో బిళ్ల, అడుగు వెయ్యలేని నొప్పి. రోగులు ఈ దాడిని బాగా ఎరుగుదురు, ఏడాదికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చెప్పగలరు. ప్రతి దాడీ కొన్ని రోజులు మంచాన పడేస్తుంది. ప్రతి దాడిలోనూ మిగిలిన లింఫ్ నాళాలు కొన్ని మచ్చ కట్టి మూసుకుపోతాయి. వాపు కొంచెం పెరుగుతుంది. పెరిగిన వాపులో ముడతలు పెరుగుతాయి, ముడతల్లో ఒరుపులు పెరుగుతాయి, మళ్లీ దాడి వస్తుంది. వాచిన కాలు ఏనుగు కాలుగా మారేది ఈ చక్రంలోనే.

ఈ చక్రాన్ని ఎక్కడ తెంచాలో కూడా తెలుసు. బ్రెజిల్‌లోని రెసిఫేలో డాక్టర్ జెరూసా డ్రేయర్, అలప్పుళలో భారతీయ డాక్టర్లు ఒకే విషయాన్ని తమ రోగుల దగ్గర చూశారు. రోజూ కాలు సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఒరుపులకు మందు రాస్తే ఈ జ్వరపు దాడులు బాగా తగ్గిపోతాయి. దాడులు తగ్గితే కాలు ముదరడం ఆగుతుంది.

చేయాల్సినవి ఇవి:

- రోజూ మామూలు వేడి ఉన్న శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో, వేళ్ల సందులు, ముడతలు విడదీసి మెల్లగా కడగాలి.
- మెత్తటి బట్టతో అద్ది తడి లేకుండా ఆరబెట్టాలి. గట్టిగా రుద్దకూడదు.
- ఒరుపులున్న చోట ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఫంగస్ మందు రాయాలి.
- కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టాలి. మడమ, పాదం ఆడిస్తూ ఉండాలి.
- కాలికి సరిపడే, ఒరుసుకోని చెప్పులు వేసుకోవాలి.
- జ్వరపు దాడి వస్తే వ్యాయామం ఆపి, విశ్రాంతి తీసుకుని, చల్లటి నీళ్ల బట్ట వేసి, వెంటనే డాక్టరును కలవాలి. యాంటీబయాటిక్ అవసరం పడుతుంది. వాత పెట్టడం, కోసి నీరు తీయడం, పసరు కట్టడం కొత్త గాయాన్నే చేస్తాయి.

వాపు కనిపించని రూపాలు

ఈ పురుగు మీద శరీరం చేసే యుద్ధం కాలికే పరిమితం కాదు. మగవాళ్లలో చాలామందికి వృషణాల చుట్టూ నీరు చేరుతుంది. వరిబీజం అనో బుడ్డ అనో అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఫైలేరియా వల్ల ఈ బాధ ఉన్న మగవాళ్లు ప్రపంచంలో 2.5 కోట్లమంది. కాళ్లూ చేతుల వాపు ఉన్నవాళ్లు 1.5 కోట్లకు పైనే. బుడ్డకు ఆపరేషన్ ఉంది, ప్రభుత్వాసుపత్రిలో అడగవచ్చు. సిగ్గుపడి, పంచె చాటున దాచుకుని బతికేవాళ్లకు ఈ మాట చేరడమే కష్టంగా ఉంది.

ఇంకో రూపానికి మన నేలతోనే సంబంధం ఉంది. 1940లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో పనిచేసిన ఫ్రిమాట్-మోలర్, బార్టన్ అనే డాక్టర్లు ఒక వింత గమనించి రాశారు. క్షయలా కనిపించే దగ్గు, ఎక్స్‌రేలో మచ్చలు, కానీ అది క్షయ కాదు. రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఉన్నాయి. తర్వాత దీన్నే ట్రాపికల్ ఇసినోఫీలియా అన్నారు. ఫైలేరియా పిల్లపురుగుల మీద కొందరి శరీరం మితిమీరి స్పందించడమే దీనికి కారణమని ఆ తర్వాత తేలింది. మామూలు ఫైలేరియాలో రోగనిరోధక వ్యవస్థ జోలపాటకు పడుకుంటే, ఇక్కడ అది పిచ్చెత్తినట్టు లేస్తుంది. పిల్లపురుగులను ఊపిరితిత్తుల్లోనే పట్టి చంపుతుంది. అందుకే రక్తపరీక్షలో అవి కనిపించవు. రాత్రిళ్లు తెరలు తెరలుగా దగ్గు, పిల్లికూతలు, బరువు తగ్గడం ఉంటాయి. ఆస్తమా అనో టీబీ అనో ఏళ్లు గడిచిపోతే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. గుర్తిస్తే ఫైలేరియా మందుకే బాగా తగ్గుతుంది. ఫైలేరియా ఉన్న ప్రాంతంలో టీబీ పరీక్ష నెగెటివ్ వచ్చి, రాత్రి దగ్గు తగ్గని మనిషికి ఇసినోఫిల్స్ లెక్క చూశారా అని అడగడం చిన్న విషయమే, ప్రాణం మీద తేడా తెస్తుంది.

మూత్రపిండాలకూ దెబ్బ తగలవచ్చు. పురుగు నుంచి వచ్చే పదార్థాలు, వాటి మీద తయారైన యాంటీబాడీలు జతలుగా అతుక్కుని రక్తంలో తిరుగుతాయి. ఆ జతలు మూత్రపిండాల్లోని సన్నటి రక్తనాళాల గోడల్లో చిక్కుకుంటే అక్కడ ఇన్‌ఫ్లమేషన్ మొదలై, మూత్రంలో రక్తం, ప్రోటీన్ పోతాయి. పొత్తికడుపులోని లింఫ్ నాళాలు చిట్లితే మూత్రం పాలలా తెల్లగా వస్తుంది. ఇలాంటివాళ్ల కాళ్లకు ఏ వాపూ ఉండకపోవచ్చు.

మాత్ర: దాని బలం, దాని హద్దు

ఈ జబ్బుకు మందు తయారీలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినప్పుడే డీఈసీ మందు బయటికొచ్చింది. 1940ల నాటి ఆ మందే నేటికీ మన ఫైలేరియా కార్యక్రమానికి పునాది.

భారతదేశంలో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి జబ్బున్న జిల్లాల్లో ఏడాదికోసారి అందరికీ డీఈసీ మాత్రలు, తర్వాత దాంతోపాటు ఆల్బెండజోల్ పంచుతున్నారు. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలిపారు. రక్తంలోని పిల్లపురుగులను ఏళ్ల తరబడి తగ్గిస్తూ పోతే దోమకు మోయడానికి ఏమీ దొరకదు, వ్యాప్తి ఆగుతుంది. లెక్క సరైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం 2000 నుంచి 2018 మధ్య ప్రపంచంలో ఫైలేరియా సోకినవాళ్లు 74 శాతం తగ్గారు. మాత్రను తక్కువ చేసి మాట్లాడే పని లేదు.

మాత్ర వేసుకున్నాక జ్వరం, తలనొప్పి, వాంతి వచ్చాయని చాలామంది మానేస్తారు. ఒంట్లో పిల్లపురుగులు చస్తున్నప్పుడు, వాటిలోని వోల్బాకియా బయటపడినప్పుడు రోగనిరోధక వ్యవస్థ చేసే గొడవ అది. ఎక్కువ పురుగులున్నవాళ్లకే ఎక్కువగా వస్తుంది, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఈ మాట ముందే చెప్పకుండా మాత్ర చేతిలో పెట్టి వెళ్లిపోతే జనం నమ్మకపోవడం వాళ్ల మూఢత్వం కాదు. గర్భిణులకు, రెండేళ్లలోపు పిల్లలకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్లకు ఈ మాత్ర ఇవ్వకూడదన్నది కూడా అందరికీ తెలియాలి.

మాత్ర హద్దు ఎక్కడుందో ఇప్పటికే అర్థమై ఉంటుంది. అది వ్యాప్తిని ఆపుతుంది. మచ్చ కట్టిన నాళాన్ని బాగుచేయదు. వేళ్ల సందుల్లోంచి వచ్చే బాక్టీరియాను ఆపదు.

కాలు కడగడానికి నీళ్లు ఎవరివి

పైన రాసిన జాగ్రత్తల జాబితాను మళ్లీ ఒకసారి చదవండి. శుభ్రమైన నీళ్లు, రోజూ. తడి లేకుండా ఉంచుకోవడం. కాలు ఎత్తులో పెట్టి కూర్చోవడం. సరిపడే చెప్పులు. దాడి వచ్చినప్పుడు విశ్రాంతి. వైద్యంలో ఇంత చవకైన చికిత్స అరుదు. ఈ దేశంలో ఇంత అసమానంగా పంచిన వస్తువులు కూడా అరుదు.

వ్యవసాయ కూలీకి పోయే దళిత స్త్రీ నాట్ల కాలంలో రోజంతా బురదలో ఉంటుంది. ఆమె కాలు ఆరేది రాత్రే. విశ్రాంతి తీసుకుంటే ఆ రోజు కూలి పోతుంది. మున్సిపాలిటీ కాంట్రాక్టు కింద మురుగు తీసే కార్మికుడు జబ్బును మోసే దోమ పుట్టే నీళ్లలోనే నిలబడతాడు. బూట్లు, తొడుగులు ఇవ్వాలని నిబంధనలున్నా, ఇచ్చిన బూటు వాచిన కాలికి పట్టదు. చాలా ఊళ్లలో వాడ పల్లంలో ఉంటుంది, ఊరి కాలువ వాడ దగ్గరికొచ్చి ఆగిపోతుంది. సిమెంటు కాలువ ఎక్కడిదాకా వేశారు, ఎక్కడ ఆపారు అన్నది పంచాయతీ కాగితాల్లో ఇంజనీరింగ్ నిర్ణయంలా కనిపిస్తుంది. ఊరి పటం పక్కన పెట్టి చూస్తే అది కుల నిర్ణయం.

చెప్పుల సంగతి వేరే చెప్పాలా? ఊళ్లోకి వస్తే చెప్పులు చేత పట్టుకోవాల్సి వచ్చిన తరాలు ఇంకా బతికే ఉన్నాయి. మడమ పగుళ్లలోంచి బాక్టీరియా లోపలికి పోతుందని చదివినప్పుడు ఆ పగుళ్లు ఎలా వచ్చాయన్న చరిత్రను వైద్యశాస్త్రం రాయదు. మనం రాయాలి.

1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వేలమందితో చవదార్ చెరువుకు నడిచింది దాహం తీర్చుకోవడానికి మాత్రమే కాదు, అందరిలా మనుషులమని చెప్పడానికి. నీళ్ల హక్కును గౌరవం ప్రశ్నగా మనం ఎప్పుడూ చెప్పుకుంటాం. బోదకాలు దాన్ని లింఫ్ నాళాల ప్రశ్నగా కూడా చేసి చూపిస్తుంది. నీళ్లు దొరికిన కాలు మొదటి దశలో ఆగిపోవచ్చు. నీళ్లు దొరకని కాలు చివరి దశకు పోతుంది. పురుగు ఒకటే.

నిర్మూలన లెక్కలో మిగిలిపోయేవాళ్లు

2002 జాతీయ ఆరోగ్య విధానం 2015 నాటికి బోదకాలును నిర్మూలిస్తామంది. గడువు జరుగుతూ జరుగుతూ ఇప్పుడు 2027 అంటున్నారు. నిర్మూలన అన్న మాటను జాగ్రత్తగా చదవాలి. రక్తపరీక్షల్లో పురుగు ఒక స్థాయి కంటే తగ్గితే మాత్రల పంపిణీ ఆపేస్తారు. ఆ రోజున ఆ జిల్లాలో బోదకాలున్నవాళ్ల కాళ్లు మామూలైపోవు. శ్రీకాకుళం, ఉభయ గోదావరి, నల్గొండ, కరీంనగర్, మెదక్ లాంటి పాత జబ్బు ప్రాంతాల్లో వాళ్లు బతికే ఉంటారు. ఒక దేశం ఈ జబ్బును నిర్మూలించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించాలంటే వ్యాప్తి ఆగిందని చూపితే చాలదు, మిగిలిన రోగులకు సంరక్షణ అందుతోందని కూడా చూపాలి. ఈ రెండో షరతు గురించి అడిగేవాళ్లు లేకపోతే అది కాగితం మీదే నెరవేరిపోతుంది.

పింఛన్ల సంగతి చూడండి. తెలంగాణలో ఫైలేరియా రోగులకు 2018లో నెలకు 1,000 రూపాయలతో సాయం మొదలైంది, 2019లో ఆసరా కింద 2,016 అయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి నెలకు 10,000 ఇస్తున్నారు. మొత్తం పెద్దదే. కానీ అది రెండు కాళ్లకూ నాలుగో గ్రేడు బోదకాలున్నవాళ్లకు. ఒక్క కాలికే ఉన్నా, జబ్బు ఇంకా మూడో గ్రేడులో ఉన్నా ఆ వర్గంలోకి రారు. చివరి దశకు చేరేదాకా ఆగి, చేరాక డబ్బిచ్చే పద్ధతి ఇది. జబ్బు నడిచే తీరు దీనికి తలకిందులు. మొదటి దశలో సబ్బు, నీళ్లు, మందు, పనిలో కొన్ని రోజుల విశ్రాంతి ఇస్తే చాలామంది చివరి దశకు చేరనే చేరరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల జాబితాలో బోదకాలు పేరు విడిగా లేదు. నడక దెబ్బతిన్నవాళ్లు కదలికల వైకల్యం కింద అంచనా వేయమని అడగాల్సి ఉంటుంది.

అందుకే క్షేత్రంలో పనిచేసేవాళ్లు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మన పీహెచ్‌సీలో బోదకాలు, బుడ్డ రోగుల జాబితా ఉందా? అందులో ఎస్సీ, ఎస్టీ వాడల వారీగా లెక్క ఉందా? టబ్బు, మగ్గు, సబ్బు, తువాలు, మందుతో ఇచ్చే సంరక్షణ కిట్ ఎంతమందికి అందింది, మళ్లీ నింపి ఇచ్చారా? జ్వరపు దాడికి యాంటీబయాటిక్ అక్కడే దొరుకుతుందా? వాడలో కాలువ ఎక్కడ ఆగింది, సబ్‌ప్లాన్ నిధుల్లోంచి దాన్ని పూర్తి చేయడానికి ఎంత ఖర్చు పెట్టారు? పారిశుధ్య కార్మికులకు ఏటా ఫైలేరియా పరీక్ష జరుగుతోందా, వాచిన కాలికి పట్టే బూట్లు ఇస్తున్నారా? వీటిలో చాలావాటిని సమాచార హక్కు దరఖాస్తుతో అడగవచ్చు. ఒక కాలేజీ విద్యార్థి బృందం ఒక మండలంలో ఈ పని మొదలుపెట్టవచ్చు.

ఇక మొదట చెప్పిన మూడు మాటల్లో మూడోదానికి జవాబు మిగిలింది. ‘వాళ్లకు శుభ్రత తెలియదు’ అనే మాట. ఊరంతటి మురుగునూ చేతులతో ఎత్తి శుభ్రం చేసినవాళ్ల గురించి అంటున్న మాట అది. శుభ్రత వాళ్లకు తెలుసు. ఊరు శుభ్రంగా ఉంచినవాళ్ల ఇంటి ముందు కుళాయి ఉందా, కాలువ పారుతోందా, కాలు నొప్పెడితే రెండు రోజులు కూర్చోవడానికి వీలుందా అన్నవే అడగాల్సిన ప్రశ్నలు. వాటికి జవాబు చెప్పాల్సింది రోగి కాదు.